నల్లుల మందు

మన పత్రికలో నల్లుల మీద సంపాదకీయమా అని సంపాదకవర్గ సమావేశంలో ఒకరిద్దరు నవ్వారు. నవ్వు సద్దుమణిగాక ఒక్కొక్కరూ ఒక్కో సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఒకరికి చిన్నప్పటి హాస్టలు గుర్తుకొచ్చింది. ఒకరికి అత్తగారింటి మంచం గుర్తుకొచ్చింది. ఇంకొకరు, తను అద్దెకు దిగిన ఇంట్లో నల్లులున్నాయని చెబితే యజమాని భార్య "మీరొచ్చేదాకా లేవమ్మా" అన్న మాటను ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అదే అవమానంతో చెప్పారు. అంతసేపూ నల్లుల గురించి మాట్లాడుకున్నాక ఇది రాయదగిన విషయమేనా అన్న ప్రశ్న ఎవరూ మళ్ళీ వేయలేదు.

రాయడానికి కారణం మాత్రం నవ్వుకునేది కాదు. దేవరుప్పుల మండలంలో ఒక పల్లెకు మహిళా సంఘం సమావేశానికి వెళ్ళినప్పుడు ఒక కోడలి సంగతి విన్నాం. ఆమెకు పాతికేళ్ళు కూడా లేవు, చంకలో ఎనిమిది నెలల బిడ్డ. రాత్రిళ్ళు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే దీపం పెట్టి చూసింది. బిడ్డ మెడ కింద, తొడల మీద వరుసగా దద్దుర్లు. మంచం పట్టె సందుల్లో నల్లులు కుప్పలుగా ఉన్నాయి. నాలుగు రోజులు నీళ్ళు కాచి పోసింది, ఎండలో వేసింది, వేపాకు పరిచింది. ఐదో రోజు దొడ్లో గోడ మీద మిగిలి ఉన్న పత్తి మందు తెచ్చి, కొలత లేకుండా నీళ్ళల్లో కలిపి, పాత గుడ్డతో పట్టెలకూ కోళ్ళకూ నులకకూ పూసింది. చేతులకు తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు. మందు పోకుండా ఉంటే నల్లి చస్తుందని తలుపులు వేసింది. రాత్రి అదే గదిలో బిడ్డను పక్కలో వేసుకుని పడుకుంది.

తెల్లారేసరికి ఆమెకు వాంతులు, ఒళ్ళంతా చెమటలు, నోట్లోంచి చొంగ, కళ్ళు మసకలు. బిడ్డకూ ఊపిరి ఆడలేదు. మరిది ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడ ఆమెను అడిగిన మొదటి మాట: "ఎందుకు తాగినవ్?"

"తాగలె సారూ, మంచానికి పూసిన" అని ఆమె అన్నది. ఎవరూ నమ్మలేదు. మందు వాసన వస్తున్న కోడలు, చంకలో బిడ్డ. లోకం దృష్టిలో దానికి ఒకటే అర్థం. కబురందుకున్న పుట్టింటివాళ్ళు వచ్చి అత్తింటివాళ్ళ మీద పడ్డారు. అత్త శోకాలు పెట్టింది. పోలీసులు వచ్చి కాగితం రాసుకున్నారు. తల్లీ బిడ్డా బతికారు. కానీ మంచానికే పూసిందని అందరూ నమ్మడానికి మూడు రోజులు పట్టింది. అదీ ఎవరో ఆ ఇంటికి పోయి మంచం తిరగేసి చూశాక.

"నేను చెప్పింది నమ్మలేదక్కా, నల్లులను చూసి నమ్మిండ్రు" అని ఆమె మాతో అన్నది.

ఎందుకు నమ్మలేదో మనకు తెలియనిది కాదు. "నల్లుల మందు తాగి వివాహిత ఆత్మహత్య" అనే శీర్షిక తెలుగు పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. 1980లలో, 90లలో "స్టవ్ పేలి" అనే మాట ఎలాంటిదో ఇదీ అలాంటిదే. వంట చేస్తుంటే స్టవ్ పేలిందని చెప్పేవారు. చచ్చిపోయింది ఎప్పుడూ కోడలే, స్టవ్ మాత్రం గట్టిగానే ఉండేది. కిరసనాయిలు స్టవ్‌లు ఇళ్ళల్లోంచి పోయాయి, మందు సీసా మిగిలింది. అది ప్రతి ఇంట్లో ఉంటుంది, అడగకుండా దొరుకుతుంది. దగ్గుమందు అనుకుని పొరపాటున తాగిందని చెప్పినా, కడుపునొప్పి భరించలేక తాగిందని చెప్పినా కాదనడానికి సాక్షి ఉండదు. నిజంగా పొరపాటు జరిగిన స్త్రీని నమ్మరు. పొరపాటని అత్తింటివాళ్ళు చెప్పే కథను మాత్రం ఇట్టే నమ్మేస్తారు. రెండు సందర్భాల్లోనూ ఆ స్త్రీ మాటకు విలువ లేదు.

పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ అనుమానాస్పదంగా మరణిస్తే శవపరీక్ష, విచారణ తప్పనిసరి అని చట్టం చెబుతున్నది. పాత నేర విచారణ స్మృతిలో అది 174వ సెక్షను. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త సంహితలో 194వ సెక్షను. వరకట్న మరణం పాత శిక్షాస్మృతిలో 304-బి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 80. అంకెలు మారాయి. ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని "నల్లుల మందు పొరపాటున తాగింది, ఎందుకీ కేసులు" అని తీర్పు చెప్పడం మాత్రం మారలేదు. అలాంటి మాట విన్నప్పుడు మన సంఘాలు ముందుగా అడగవలసింది చిన్న ప్రశ్నే: ఆ ఇంట్లో నల్లులు ఉన్నాయా? మంచానికి మందు కొట్టారా?

ఇక ఆమె ఆ మందు దాకా ఎందుకు పోయిందో చూద్దాం.

నల్లులు ఆ ఇంటికి ఎలా వచ్చాయి? ఆడబిడ్డ హాస్టలు నుంచి సెలవులకు వచ్చింది, ఆ పిల్ల సందుగలో వచ్చాయి. కానీ అత్త అన్నమాట, "నీ పుట్టింటి బొంతలనే ఒచ్చినయి." నల్లి కనపడితే నింద ఎప్పుడూ ఆడదాని మీదికే వస్తుంది. ఇల్లు ఊడ్వదు, పక్క దులపదు, శుభ్రం తెలియదు. ఊరి మీదికి వస్తే ఆ నింద వాడల మీద పడుతుంది, ఫలానా వాడవాళ్ళ ఇళ్ళల్లో ఉంటాయని. నల్లికి కులమూ శుభ్రమూ తెలియవు. దానికి కావలసినవి వెచ్చటి ఒళ్ళు, దాక్కోవడానికి ఒక సందు. 2010 ప్రాంతంలో న్యూయార్కు నగరాన్ని నల్లులు ముంచెత్తాయి. పెద్ద పెద్ద దుకాణాలు, సినిమా హాళ్ళు మూసి మందు కొట్టించుకున్నారు. 2023లో పారిస్‌లో రైళ్ళల్లో నల్లులని దేశమంతా గగ్గోలు. అక్కడ ఎవరూ "మీ ఆడవాళ్ళకు ఇల్లు ఊడ్వడం రాదు" అని అన్నట్టు లేదు.

నల్లి పోగొట్టే పని ఎంత ఉంటుందో చేసినవాళ్ళకే తెలుసు. మంచం బయటికి మోయాలి. నులక విప్పాలి, మళ్ళీ అల్లాలి. బొంతలు, గొంగళ్ళు, మెత్తలు, పిల్లల బట్టలు అన్నీ తియ్యాలి. నీళ్ళు మోయాలి, పొయ్యి మీద కాయాలి, పట్టె సందుల్లో పోయాలి. గోడల పగుళ్ళు మెత్తాలి. వారం తిరగకముందే మళ్ళీ ఇదంతా చెయ్యాలి. ఇదంతా కూలికి పోయివచ్చాక. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, చేసే పురుషులు 88 నిమిషాలు. మంచం నులక విప్పి కాచిన రోజు ఆ 289 ఎంతవుతుందో ఏ సర్వేకూ అందదు. ఇక రాత్రి ఎవరు లేస్తారన్నది లెక్కలో లేనే లేదు. బిడ్డ ఏడిస్తే లేచేది తల్లి. దీపం పట్టుకుని నల్లులను ఏరేది తల్లి. మగవాడు నల్లులు కుడితే మంచం ఎత్తుకుని వాకిట్లోకి పోతాడు. ఆమె పోలేదు.

నల్లి బాధ భరించలేకనే శివుడు కొండ మీద, విష్ణువు పాముమీద పడుకున్నారని హాస్యమాడిన చాటు పద్యం మనవాళ్ళకు బాగా ఇష్టం. సభల్లో చదివి నవ్వుతారు. దేవుళ్ళు వెళ్ళిపోయారు సరే, ఆ పక్కలు దులిపే పని ఎవరికి మిగిలిందో కవి చెప్పలేదు.

దేవరుప్పుల ప్రాంతంలో ఆ పని ఎవరు చేశారో చరిత్రకు తెలుసు. ఈ మండలంలోని కడవెండిలోనే 1946 జులై 4న దొడ్డి కొమురయ్య దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు నేలకొరిగాడు. ఆ పోరాటం వెట్టి మీద. గడీలలో జరిగిన వెట్టిలో దొరసానుల పరుపులు దులపడం, దుప్పట్లు ఉతకడం కూడా ఉన్నాయి. ఆ పని చాకలి స్త్రీలది. పక్కనే పాలకుర్తి ఐలమ్మ కూడా ఆ కులం నుంచి వచ్చిన మనిషే. చాకలివాళ్ళు బట్టలను సౌడుమట్టిలో ముంచి, పెద్ద బానల మీద పేర్చి, కింద మంట పెట్టి ఆవిరితో ఉడికించేవారు. దాన్ని ఉబ్బ అంటారు. నల్లిని గుడ్డుతో సహా చంపడానికి ఇప్పటికీ అంతకంటే మంచి పద్ధతి లేదు. ఈ రోజు పట్నాల్లో పెద్ద కంపెనీలు యంత్రాలతో ఆవిరి పట్టి వేలకు వేలు తీసుకుంటున్నాయి. అదే తెలివి మన ఊళ్ళో వెట్టిగా, అంటరాని పనిగా చూడబడింది.

నల్లి కుడితే ఏమవుతుంది, దద్దుర్లే కదా అంటారు. నల్లి వల్ల ఒకరి జబ్బు మరొకరికి అంటుకుంటుందని రుజువు కాలేదన్నది నిజమే. కానీ అది తాగేది రక్తం. గుడ్డులోంచి బయటపడిన పిల్ల ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది, ప్రతిసారీ దానికి రక్తం కావాలి. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో (1969 నుంచి అది జాతీయ పోషకాహార సంస్థ) పనిచేసిన వెంకటాచలం, బెలవాడి అనే శాస్త్రజ్ఞులు 1962లో ఒక వ్యాసం ప్రచురించారు. నల్లులు విపరీతంగా కుట్టడం వల్ల ఒంట్లోంచి పోయే ఇనుము పసివాళ్ళ రక్తహీనతకు ఒక కారణం కావచ్చునని అందులో చెప్పారు. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57.6 మందికి, అయిదేళ్ళలోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నది. అదంతా నల్లుల వల్లనని ఎవరూ అనరు. తిండి లేకపోవడం, వరుస కాన్పులు, నులిపురుగులు, ఇవి పెద్ద కారణాలు. కానీ అసలే రక్తం లేని ఒంట్లోంచి ప్రతి రాత్రీ ఇంకొంత పోతూ ఉంటే దాన్ని చిన్న విషయమని ఎలా అంటాం? పైగా నిద్ర. నాలుగు రాత్రులు నిద్ర లేని తల్లికి పాలు ఎలా పడతాయి, తెల్లారి పత్తి ఏరే చేయి ఎలా ఆడుతుంది?

నిద్ర హక్కు అంటే మళ్ళీ నవ్వేవాళ్ళుంటారు. రాంలీలా మైదానం కేసులో 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, నిద్ర రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. అర్ధరాత్రి నిద్రపోతున్న జనం మీద పోలీసులు పడిన కేసు అది. ప్రభుత్వ వసతిగృహంలో పడుకున్న పన్నెండేళ్ళ ఆడపిల్లకూ అదే 21వ అధికరణం వర్తిస్తుంది.

మందు సంగతికి వస్తే, ఇది పత్తి పండే నేల. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పురుగుమందులు తాగి వందల సంఖ్యలో చనిపోయిన నేల. దేవరుప్పుల అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది, 2016లో జనగామ జిల్లాలోకి వచ్చింది. పురుగు చావని మందులు అమ్మారు, అప్పులు చేయించారు. మిగిలిన సీసాలు ఇళ్ళల్లో ఉండిపోయాయి. చేనుకు కొట్టే మందు ఇంట్లో మంచానికి వాడడమంటే, ఎండలో గాలిలో చెదిరిపోవలసిన విషాన్ని నాలుగు గోడల మధ్య మూసి, దానిమీద పడుకోవడం. మోనోక్రోటోఫాస్ వంటి మందులు ఊపిరితోనే కాదు, చర్మం లోంచి కూడా ఒంట్లోకి పోతాయి. కంటిపాప సూదిమొనంత అయిపోవడం, చొంగ, చెమట, వాంతులు, ఊపిరాడకపోవడం దాని గుర్తులు. అలా కనపడితే తొడిగిన బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్ళు కడిగి వెంటనే 108కి చెప్పాలి, మందు డబ్బా కూడా వెంట తీసుకుపోవాలి. వైద్యుడికి ఆ డబ్బా మీది పేరు అన్నిటికంటే అవసరం.

ఇళ్ళల్లో నల్లులకూ బొద్దింకలకూ ఏళ్ళ తరబడి వాడిన డైక్లోర్‌వాస్‌ను కేంద్రం 2020 డిసెంబరు 31 తర్వాత వాడకూడదని నిషేధించింది. పాత సీసాలు ఇంకా ఉంటే అవి ఇంట్లో ఉండవలసినవి కావు. బియ్యంలో పెట్టే బిళ్ళలు, అల్యూమినియం ఫాస్ఫైడ్, ఇంకా ఘోరం. చెమ్మ తగిలితే చాలు విషవాయువు వదులుతాయి. శిక్షణ ఉన్నవాళ్ళకు తప్ప వాటిని అమ్మకూడదని నిబంధన ఉన్నా కిరాణా కొట్లలో దొరకడం మనం చూస్తూనే ఉన్నాం. మంచం కింద ఒక బిళ్ళ పెట్టి పడుకోవడం అంటే తిరిగి లేవకపోవడమే. 2025 అక్టోబరులో బెంగుళూరులో ఒక వసతిగృహంలో నల్లుల మందు కొట్టి మూసిన గదిలో, ఆ సంగతి తెలియక పడుకున్న 22 ఏళ్ళ ఆంధ్రప్రదేశ్ యువకుడు చనిపోయాడని పత్రికలలో వచ్చింది.

ఇంత విషం చల్లినా నల్లి చావడం లేదు. 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక ఇళ్ళ గోడలకు డీడీటీ కొట్టారు. మొదట్లో నల్లులు మాయమయ్యాయి. తరువాత ఆ మందుకు లొంగని నల్లులు పుట్టాయి. మందు తగిలి రేగి, పట్టపగలే బయటికి వచ్చి మరీ కుట్టాయి. చాలా ఊళ్ళల్లో స్ప్రే చేసేవాళ్ళు అటు పోగానే ఆడవాళ్ళు గోడలు పేడతో అలికేసేవారు. అధికారులు దాన్ని అజ్ఞానమన్నారు. నల్లులతో పడుకునేది ఆ అధికారులు కాదు కదా. ఇప్పుడు బజారులో దొరికే స్ప్రేలలో, సుద్దముక్కల్లో ఉండే మందులకు కూడా నల్లులు చాలావరకు అలవాటు పడిపోయాయి.

అయితే ఏం చెయ్యాలని సమావేశంలో అడిగారు. మేము కీటక శాస్త్రజ్ఞులం కాము. కానీ చదివినదీ, ముసలమ్మలు చెప్పినదీ కలిపి చూస్తే ఒకటే సంగతి తేలింది: నల్లిని చంపేది వేడి, ఓపిక. యాభై డిగ్రీలు దాటిన వేడి కొంతసేపు తగిలితే గుడ్డుతో సహా చస్తుంది. మంచం ఊరికే ఎండలో వేస్తే చాలదు, నల్లి పాకి నీడ ఉన్న సందులోకి పోతుంది. మంచం ఊడదీసి కీళ్ళల్లో, నులకలో సలసల కాగిన నీళ్ళు పోయాలి. పిల్లలను దూరంగా ఉంచాలి, కాలిన ఒళ్ళు నల్లి కాటు కంటే పెద్ద బాధ. తడపడానికి వీలయిన బట్టలు ఉడకబెట్టాలి. వీలుకాని బొంతలు, మెత్తలు పలచగా పరిచి పాలిథిన్ సంచుల్లో మూతి బిగించి మే నెల ఎండలో పొద్దంతా ఉంచాలి, మధ్యలో తిరగేయాలి. లోపల వేడి బయటికంటే చాలా ఎక్కువవుతుంది. నవారు, పరుపు కుట్ల వెంట ఇస్త్రీపెట్టె తిప్పవచ్చు. గోడ పగుళ్ళు మట్టితోనో సిమెంటుతోనో మూసేయాలి. మంచాన్ని గోడకు ఎడంగా జరిపి, కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాలి, దుప్పటి నేలకు వేలాడకూడదు. వేపాకు, వాయిలాకు వాసనకు నల్లి కొంచెం జరుగుతుందేమో గాని చావదు. కిరసనాయిలు పూస్తే ముట్టిన చోట చస్తుంది, కానీ పక్కన దీపం ఉంటే ఇల్లే పోతుంది.

ఒకసారి చేసి ఊరుకుంటే పనికిరాదు. గుడ్లు వారం పది రోజుల్లో పిల్లలవుతాయి. అందుకని వారానికొకసారి కనీసం నాలుగుసార్లు చెయ్యాలి. తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు కాబట్టి గది మూసి పెట్టినంత మాత్రాన పోదు. ఒక్క ఇల్లు చేస్తే చాలదు, పక్కింటి నుంచి గోడ దాటి వస్తుంది. తప్పక మందే కొట్టవలసి వస్తే డబ్బా మీది త్రికోణం రంగు చూడాలి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, అన్నిటికంటే తక్కువ ఆకుపచ్చ. మందుతో పాటు మన భాషలో కరపత్రం ఇవ్వాలని నిబంధన. అది అడిగి తీసుకోవాలి, నల్లులకు వాడవచ్చునని దానిమీద రాసి లేకపోతే వాడకూడదు. గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో అసలు వద్దు.

ఇదంతా ఆడవాళ్ళు చేసుకోవలసిన పనుల చిట్టాలో మరొకటి చేర్చడానికి రాయడం లేదు. సమావేశంలో ఒక పెద్దమ్మ ఆ మాటే అడిగింది: "బిడ్డా, చెప్పుడు మంచిగనే ఉన్నది. మంచం మోసేదెవరు, నీళ్ళు కాసేదెవరు?" మగవాళ్ళు కూడా అదే మంచాల మీద పడుకుంటున్నారు. కాబట్టి వాళ్ళూ మొయ్యాలి. అంతకంటే ముందు, నల్లులు ఊళ్ళోకి వస్తున్న దారి మూయాలి. అందరూ చూపించినది హాస్టలు దారినే. ఆడపిల్లలు చదువుకోవాలని మనమే కొట్లాడి హాస్టళ్ళకు పంపాం. అక్కడ ఒక పరుపు మీద ఇద్దరు, ఇనుప మంచాల కీళ్ళల్లో నల్లులు. పిల్లలు వార్డెనుకు చెబితే "ఇంటి నుంచి తెచ్చుకున్నారు" అని మాట. ఇంటికి వస్తే "హాస్టలు నుంచి తెచ్చింది" అని మాట. పన్నెండేళ్ళ పిల్ల సందుగ వాకిట్లోనే దించి, తల గోక్కుంటూ నిలబడుతుంది. న్యూయార్కులో 2010లో చట్టం చేశారు, ఇల్లు అద్దెకిచ్చేవాడు గడచిన ఏడాదిలో నల్లులు ఉన్నాయో లేదో కొత్తగా వచ్చేవాళ్ళకు రాసి ఇవ్వాలని. అక్కడ అది ఇంటి యజమాని బాధ్యత. ఇక్కడ ప్రభుత్వ వసతిగృహానికి యజమాని ప్రభుత్వమే. మంచాలకు ఆవిరి పట్టించడం, ప్రతి పిల్లకూ వేరే పరుపు, సెలవులకు ముందు ఉడికిన దుప్పట్లు, మందు కొట్టిన రోజు పిల్లలను ఆ గదిలో పడుకోబెట్టకపోవడం. ఇందులో ఏదీ కొత్త బడ్జెట్ అడిగేది కాదు. ఊళ్ళో గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీ అని ఒకటి కాగితం మీద ఉన్నది. దోమల మందుకు వచ్చే డబ్బులు తెలిసిన సభ్యులకు నల్లుల సంగతి ఎప్పుడూ ఎవరూ ఎత్తలేదట.

మేము వచ్చే ముందు ఆ వాడలోని స్త్రీలు ఒక తేదీ అనుకున్నారు. ఆ రోజు వాడ మొత్తం ఒకేసారి మంచాలు బయటికి తేవాలని, పొయ్యిలు బోరింగు దగ్గర పెట్టాలని, మొగవాళ్ళు ఆ రోజు కల్లు దుకాణానికి పోకూడదని తీర్మానం. చివరి మాటకు మాత్రం చాలాసేపు నవ్వులు. ఇంటింటికీ ఉన్న పాత మందు డబ్బాలు ఏం చెయ్యాలన్నది తేలలేదు. పారేస్తే పశువులు తాగుతాయి, పాతితే బావిలోకి దిగుతుంది, వ్యవసాయాధికారిని అడుగుదామన్నారు. అందాకా తాళమున్న పెట్టెలో పెట్టి తాళంచెవి సంఘం దగ్గర ఉంచుదామని ఆ కోడలే అన్నది. బతుకమ్మ సెలవులకు వాడకు ఆరుగురు పిల్లలు హాస్టళ్ళ నుంచి వస్తారు. వాళ్ళ సందుగలు ఎవరింటికీ పోకుండా ముందు బోరింగు దగ్గర ఎండలోనే తెరవాలని, కానీ పిల్లలను ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదని పుస్తకంలో రాసుకున్నారు.